పరిశోధన దత్తాంశాల దీర్ఘకాలిక భద్రత: బ్యాకప్ టేపు కార్ట్రిడ్జ్‌లకు రికార్డింగ్ ఫార్మాట్ ఎంపిక – తాండూరు, వికారాబాద్ కంది పరిశోధనల నేపథ్యం

సారాంశం

కంది వంటి వర్షాధార పంటల పరిశోధనలో ఒక సీజన్ దత్తాంశం పోయిందంటే ఆ సీజన్ మళ్లీ రాదు. ఇటువంటి దత్తాంశాలను ఇరవై, ముప్పై ఏళ్లపాటు భద్రపరచడానికి అయస్కాంత టేపు కార్ట్రిడ్జ్ నేటికీ అనువైన సాధనం. అయితే టేపు మన్నినంత మాత్రాన దత్తాంశం మన్నదు. దానిని ఏ ఫార్మాట్‌లో రాశారన్న దానిపైనే భావితరాల శాస్త్రవేత్తలు దానిని చదవగలగడం ఆధారపడి ఉంటుంది. తాండూరు, వికారాబాద్ ప్రాంతాల కంది పరిశోధనలను దృష్టిలో ఉంచుకుని టేపు తరాల ఎంపిక, రాత పద్ధతుల గుణదోషాలు, తెలుగు ఫైలు పేర్లతో వచ్చే చిక్కులు, కుదింపు, గుప్తీకరణ, నిల్వ జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఉపోద్ఘాతం

వికారాబాద్ జిల్లా పశ్చిమ భాగంలోని తాండూరు నల్లరేగడి నేలలు కందికి ప్రసిద్ధి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిధిలోని తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానంలో కంది, కుసుమ పంటలపై పరిశోధనలు సాగుతున్నాయి. టీడీఆర్‌జీ-4 వంటి కంది రకాలు అక్కడి నుంచే వెలువడ్డాయి.

మధ్యకాలిక కంది రకాలు 160 నుంచి 180 రోజుల పంట. జూన్, జూలైలలో విత్తితే డిసెంబరు, జనవరి వరకు కోత ఉండదు. అంటే ఏడాదికి ఒక్కటే పంట, ఒక్కటే అవకాశం. సంకరణం నుంచి విడుదల వరకు ఒక రకం అనేక సంవత్సరాల పరీక్షలను దాటవలసి ఉంటుంది. ఎండు తెగులును తట్టుకునే గుణాన్ని పరీక్షించేందుకు శిలీంధ్రాన్ని నేలలో ఏళ్ల తరబడి పెంచి ఉంచే సిక్ ప్లాట్ల విషయం మరీ సున్నితం. ఏ వరుస ఏ సంవత్సరంలో ఎంత శాతం ఎండిందో తెలిపే అంకెలు పోతే ఆ మడి చరిత్ర మొత్తం పోయినట్లే. ఒక బెట్ట సంవత్సరంలో ఏ రకం ఎలా నిలిచిందో తెలుసుకోవడానికి అదే బెట్టను తిరిగి రప్పించడం ఎవరి తరమూ కాదు.

పాత దత్తాంశానికి కాలం గడిచే కొద్దీ విలువ పెరుగుతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం, కోయంబత్తూరులో 1909లో ప్రారంభమైన శాశ్వత ఎరువుల ప్రయోగం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడి వాటర్‌షెడ్‌లలో 1976 నుంచి నడుస్తున్న ప్రయోగం ఇందుకు నిదర్శనాలు. ఈ ప్రయోగాలను మొదలుపెట్టిన వారికి నేడు వాటి అంకెలు వాతావరణ మార్పుల అధ్యయనానికి పనికివస్తాయన్న ఊహ ఉండి ఉండదు. కాగితంపై రాసిన అంకె వందేళ్ల తరువాత కూడా కంటితో చదవవచ్చు. కంప్యూటర్‌లో దాచిన అంకెకు ఆ సౌలభ్యం లేదు. యంత్రం, ఫార్మాట్, ఆ ఫార్మాట్ తెలిసిన మనిషి, ఈ మూడూ ఉన్నప్పుడే అది చదవబడుతుంది.

భద్రపరచవలసినది ఎంత?

ఫార్మాట్ ఎంపికకు ముందు దత్తాంశ పరిమాణాన్ని అంచనా వేసుకోవాలి. ఒక ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం గంటకు ఒకసారి పది అంశాలను నమోదు చేస్తుందనుకుంటే 30 సంవత్సరాలకు 2,62,800 వరుసలు వస్తాయి. ఒక్కో అంకెకు 8 బైట్ల చొప్పున లెక్కించినా మొత్తం దాదాపు 21 మెగాబైట్లు మాత్రమే. దిగుబడి, తెగుళ్లు, పూత తేదీల పట్టికలు కూడా ఈ స్థాయిలోనే ఉంటాయి.

పొలం రిజిస్టర్ల స్కాన్ ప్రతులకు ఎక్కువ చోటు కావాలి. ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో, కుదింపు లేకుండా స్కాన్ చేస్తే పుటకు సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. 200 పుటల రిజిస్టర్‌కు 5.2 గిగాబైట్లు, అటువంటి 500 రిజిస్టర్లకు 2.6 టెరాబైట్లు. డ్రోన్ చిత్రాలకు ఒక్కో సర్వేకు 20 గిగాబైట్లు, సీజన్‌కు 8 సర్వేలు అనుకుంటే పదేళ్లకు 1.6 టెరాబైట్లు. ఈ ఊహాత్మక కేంద్రానికి మొత్తం 4.2 టెరాబైట్ల పైచిలుకు నిల్వ అవసరం.

ఈ లెక్కలో గమనించదగినది ఒకటి ఉంది. అత్యంత విలువైన దత్తాంశం అతి తక్కువ చోటు ఆక్రమిస్తుంది. కనుక ఎంపికలో సామర్థ్యాన్ని ప్రధానంగా చూడడం సరికాదు. ఎంతకాలం, ఎవరు చదవగలరన్నదే ప్రధానం.

టేపు అవసరం ఏమిటి?

హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవ్‌లు నిత్య వినియోగానికి మంచివే. కానీ కంప్యూటర్‌కు లేదా నెట్‌వర్క్‌కు నిరంతరం తగిలించి ఉంచిన నకలు అసలుతోపాటే నశించే ప్రమాదం ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై జరిగిన సైబర్ దాడి వల్ల అక్కడి సేవలు చాలా రోజులపాటు చేతిరాతతో నడపవలసి వచ్చింది. అల్మారాలో ఉన్న టేపును నెట్‌వర్క్ ద్వారా ఎవరూ తాకలేరు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ ఖాతాదారుల ఉత్తరాలు మాయమైనప్పుడు గూగుల్ సంస్థ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. ఆన్‌లైన్‌లో అనేక నకళ్లు ఉన్నప్పటికీ అదే లోపం అన్నింటికీ వ్యాపించగా, విడిగా ఉన్న టేపు మాత్రం సురక్షితంగా మిగిలింది.

ఆ పైన, టేపుకు నిల్వలో విద్యుత్తు అక్కరలేదు. తగిన పరిస్థితులలో 30 ఏళ్ల మన్నికను తయారీదారులు పేర్కొంటున్నారు. కార్ట్రిడ్జ్ ధర తక్కువే గానీ డ్రైవ్ ఖరీదైనది. అందువల్ల ప్రతి పరిశోధనా స్థానం డ్రైవ్ కొనవలసిన పని లేదు. రాజేంద్రనగర్ వంటి ప్రధాన కేంద్రంలో ఒక డ్రైవ్ ఉండి, అనుబంధ కేంద్రాల కార్ట్రిడ్జ్‌లను అక్కడ రాయించుకునే ఏర్పాటు సరిపోతుంది.

ఫార్మాట్‌లో మూడు అంచెలు

ఫార్మాట్ అన్న మాటను వ్యవహారంలో ఒకే అర్థంలో వాడుతున్నా అందులో మూడు అంచెలు ఉన్నాయి. టేపుపై అయస్కాంత జాడలు ఎలా అమరుతాయన్నది భౌతిక ఫార్మాట్. ఇది డ్రైవ్, కార్ట్రిడ్జ్ తరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ జాడలపై ఫైళ్లు, వాటి పేర్లు, తేదీలు ఏ క్రమంలో ఉంటాయన్నది తార్కిక ఫార్మాట్. ఫైలు లోపల అంకెలు, అక్షరాలు ఎలా ఉన్నాయన్నది మూడో అంచె. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా మిగిలిన రెండూ నిష్ప్రయోజనం.

1976లో కుజగ్రహంపై దిగిన వైకింగ్ నౌకల జీవ పరీక్షల దత్తాంశం కోసం 1990ల చివరలో శాస్త్రవేత్తలు ప్రయత్నించినప్పుడు టేపులు లభించాయి గానీ వాటి ఫార్మాట్ తెలిసినవారు మిగలలేదు. భద్రపరిచిన ముద్రిత కాగితాల నుంచి అంకెలను తిరిగి ఎక్కించుకోవలసి వచ్చింది. నాసా వంటి సంస్థకే ఎదురైన ఈ ఇబ్బంది, బదిలీలు, పదవీ విరమణలు సహజమైన పరిశోధనా స్థానాలకు మరింత సులభంగా ఎదురుకాగలదు.

భౌతిక ఫార్మాట్: ఏ తరం కార్ట్రిడ్జ్?

1980, 1990 దశకాలలో వాడిన అర అంగుళం రీలు టేపులు, పావు అంగుళం కార్ట్రిడ్జ్‌లు, 4 మిల్లీమీటర్ల డీడీఎస్ క్యాసెట్లను చదివే యంత్రాలు ఇప్పుడు దొరకడమే కష్టం. నేడు కొత్తగా టేపు ఎంచుకునే సంస్థలు ఎక్కువగా ఎల్‌టీఓ కుటుంబాన్నే ఆశ్రయిస్తున్నాయి. హెచ్‌పీ, ఐబీఎం, సీగేట్ సంస్థలు కలిసి రూపొందించిన ఈ ప్రమాణం 2000లో మార్కెట్లోకి వచ్చింది. కార్ట్రిడ్జ్‌లను ఒకటికి మించిన సంస్థలు సరఫరా చేస్తుండడం దీని బలం.

పట్టిక: ఎల్‌టీఓ తరాలు, వచ్చిన సంవత్సరం, కుదింపు లేని సామర్థ్యం

ఎల్‌టీఓ-5: 2010, 1.5 టెరాబైట్లు
ఎల్‌టీఓ-6: 2012, 2.5 టెరాబైట్లు
ఎల్‌టీఓ-7: 2015, 6 టెరాబైట్లు
ఎల్‌టీఓ-8: 2017, 12 టెరాబైట్లు
ఎల్‌టీఓ-9: 2021, 18 టెరాబైట్లు
ఎల్‌టీఓ-10: 2025, 30 టెరాబైట్లు

ఏడో తరం వరకు ప్రతి డ్రైవ్ తనకన్నా రెండు తరాల ముందు టేపులను చదవగలిగేది, ఒక తరం ముందు టేపుపై రాయగలిగేది. ఎనిమిదో తరం నుంచి ఈ నియమం మారింది. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-7, ఎల్‌టీఓ-8 టేపులను మాత్రమే చదువుతుంది. ఎల్‌టీఓ-9 డ్రైవ్ ఎల్‌టీఓ-8, ఎల్‌టీఓ-9 టేపులను చదువుతుంది. ఎల్‌టీఓ-10 డ్రైవ్ వెనుకటి తరాల టేపు దేనినీ చదవదు.

దీని ఫలితార్థం ముఖ్యమైనది. ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్‌ను ఎనిమిదో, తొమ్మిదో తరం డ్రైవ్‌లు రెండూ చదువుతాయి. ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్‌ను తొమ్మిదో తరం డ్రైవ్ ఒక్కటే చదువుతుంది. కనుక సరికొత్తదే సురక్షితమన్న అభిప్రాయం ఇక్కడ వర్తించదు. పై లెక్కలోని 4.2 టెరాబైట్ల కేంద్రానికి ఒక్క ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్ ఎంతో విశాలం, దానిని చదవగల డ్రైవ్‌లు రెండు తరాలవి ఉంటాయి. ఎల్‌టీఓ-7 కార్ట్రిడ్జ్‌ను ఎనిమిదో తరం డ్రైవ్‌లో 9 టెరాబైట్ల సామర్థ్యంతో సిద్ధం చేసే ఎం8 పద్ధతి ఒకటి ఉంది. ఆ విధంగా రాసిన టేపును ఎల్‌టీఓ-8 డ్రైవ్ తప్ప మరేదీ చదవదు కనుక దీర్ఘకాలిక నిల్వకు అది తగదు.

ఎల్‌టీఓ-9 కొత్త కార్ట్రిడ్జ్‌ను మొదటిసారి డ్రైవ్‌లో పెట్టినప్పుడు సర్దుబాటు ప్రక్రియ జరుగుతుంది. ఇందుకు గరిష్ఠంగా రెండు గంటలు పట్టవచ్చు. యంత్రం పాడైందని భావించి మధ్యలో ఆపరాదు.

తార్కిక ఫార్మాట్: మూడు మార్గాలు

మొదటిది వాణిజ్య బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల సొంత ఫార్మాట్. రోజువారీ బ్యాకప్‌కు ఇవి సౌకర్యంగా ఉంటాయి. ఏ ఫైలు ఏ టేపులో ఉందో వాటి కేటలాగు చెబుతుంది. అయితే టేపును తిరిగి చదవాలంటే అదే సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు, చాలా సందర్భాలలో ఆ కేటలాగు కూడా ఉండాలి. లైసెన్సు గడువు ముగిసిన పదేళ్లకు ఆ టేపును తెరవగలమన్న భరోసా లేదు. ఆఫీసు కంప్యూటర్ల వారాంతపు నకళ్లకు ఇది సరిపోవచ్చు గానీ పరిశోధన దత్తాంశాల శాశ్వత నిల్వకు ఉచితం కాదు.

రెండోది టార్ ఫార్మాట్. 1979లో యూనిక్స్ ఏడో సంచికతో వచ్చిన ఇది నేటికీ దాదాపు అన్ని కంప్యూటర్ వ్యవస్థలలో తెరవబడుతుంది. దీని నిర్మాణం చాలా సరళం. ప్రతి ఫైలుకు ముందు దాని పేరు, పరిమాణం, తేదీ ఉన్న 512 బైట్ల శీర్షిక, తరువాత ఫైలు, మళ్లీ శీర్షిక, ఈ విధంగా సాగుతుంది. మధ్యలో కొంత టేపు దెబ్బతిన్నా తరువాతి శీర్షిక నుంచి మిగిలిన ఫైళ్లను రాబట్టవచ్చు. లోపం ఏమంటే ముందు భాగంలో విషయసూచిక ఉండదు. ఒక ఫైలు కావాలంటే దానిని చేరేవరకు మొదటి నుంచి చదువుతూ పోవలసి ఉంటుంది. టార్ ఫైలును మొత్తంగా జిజిప్‌తో కుదించి రాయడం మరో సాధారణ అలవాటు. ఆ విధంగా చేస్తే ఒక చోట దెబ్బతగిలినా అక్కడి నుంచి చివరి వరకు ఉన్నదంతా పోయే ప్రమాదం ఉంది.

మూడోది ఎల్‌టీఎఫ్‌ఎస్. ఐబీఎం సంస్థ 2010లో ఎల్‌టీఓ-5తో పాటు దీనిని ప్రవేశపెట్టింది. 2016లో ఇది ఐఎస్ఓ/ఐఈసీ 20919 అంతర్జాతీయ ప్రమాణమైంది. టేపును రెండు విభాగాలుగా చేసి, చిన్న విభాగంలో విషయసూచికను, పెద్ద విభాగంలో దత్తాంశాన్ని ఉంచుతుంది. సూచిక ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉండడం వల్ల సాధారణ పాఠ్యంగానే చదువుకోవచ్చు. కార్ట్రిడ్జ్‌ను డ్రైవ్‌లో పెడితే పెన్ డ్రైవ్ మాదిరిగా ఫోల్డర్లు, ఫైళ్లు కనిపిస్తాయి. కంప్యూటర్ శాస్త్రంలో శిక్షణ లేని వ్యవసాయ శాస్త్రవేత్త కూడా తనకు కావలసిన పట్టికను వెతికి తీసుకోగలుగుతారు.

ఎల్‌టీఎఫ్‌ఎస్‌కు పరిమితులు లేకపోలేదు. ఐదో తరానికి ముందు టేపులపై ఇది పని చేయదు. ఫైలును తొలగించినా చోటు ఖాళీ కాదు, టేపును తిరిగి ఫార్మాట్ చేసినప్పుడే ఆ చోటు లభిస్తుంది. ఒక ఫైలు ఒకే కార్ట్రిడ్జ్‌లో పట్టాలి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లను విడివిడిగా రాస్తే వేగం బాగా పడిపోతుంది. పై ఉదాహరణలో 500 రిజిస్టర్ల పుటలు లక్ష ఫైళ్లవుతాయి. వాటిని రిజిస్టర్‌కు ఒకటి చొప్పున 500 టార్ ఫైళ్లుగా కట్టి, ఆ కట్టలను ఎల్‌టీఎఫ్‌ఎస్ టేపుపై ఉంచడం ఉత్తమం. ఒక్కో కట్ట 5.2 గిగాబైట్లే కనుక దానిని కాపీ చేసుకుని విప్పడం తేలిక. ధాన్యాన్ని గింజలుగా కాక బస్తాలుగా గిడ్డంగిలో పేర్చడం వంటిదే ఇది.

తెలుగు ఫైలు పేర్లు, పాత ఫాంట్లు

యూనికోడ్‌లోని ప్రతి తెలుగు వర్ణ సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. ‘కంది’ అన్న మాటకు 12 బైట్లు, ‘తాండూరు’ అన్న మాటకు 21 బైట్లు అవసరం. పాత టార్ ఫార్మాట్‌లో ఫైలు పేరుకు కేటాయించినది 100 బైట్లే. తెలుగులో అది 33 సంకేతాలకే నిండిపోతుంది. 1988 నాటి యూస్టార్ ప్రమాణం ఫోల్డర్ దారికి మరో 155 బైట్లు ఇచ్చినా, ఫైలు పరిమాణాన్ని 8 గిగాబైట్ల లోపుకే పరిమితం చేసింది. 2001లో వచ్చిన పాక్స్ రూపం ఈ రెండు హద్దులనూ తొలగించి పేర్లను యూటీఎఫ్-8లో ఉంచుతుంది. కాబట్టి టార్ కట్టలు చేసేటప్పుడు పాక్స్ రూపాన్నే ఎంచుకోవాలి. ఎల్‌టీఎఫ్‌ఎస్ కూడా పేర్లను యూటీఎఫ్-8లోనే రాస్తుంది. అయినప్పటికీ ఫైలు పేరులో సంవత్సరం, పంట, ప్రయోగ సంఖ్య మాత్రమే క్లుప్తంగా ఉంచి, పూర్తి వివరాలను లోపలి వివరణ పత్రంలో తెలుగులో రాయడం మేలు.

పాత తెలుగు పత్రాల సమస్య వేరు. యూనికోడ్ వ్యాప్తికి ముందు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన నివేదికలు, కరపత్రాలు, రైతు శిక్షణ పాఠాలు అనేక కార్యాలయాలలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి. వాటిని అలాగే టేపుకు ఎక్కిస్తే బైట్లు భద్రంగా ఉంటాయి, పాఠం మాత్రం పోతుంది. అసలు ఫైలుతో పాటు యూనికోడ్‌లోకి మార్చిన పాఠం, ఫాంట్లను తనలోనే ఇముడ్చుకునే పీడీఎఫ్/ఏ ప్రతి జతచేయాలి. అంకెల పట్టికలకు సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుతో పాటు సాదా పాఠ్య రూపమైన సీఎస్‌వీ ప్రతి తప్పనిసరి.

వివరణ పత్రం

ఫైలు తెరుచుకున్నా అందులోని అంకె అర్థం కాకపోతే ప్రయోజనం లేదు. ‘ఆర్2, టీ5, 14.5’ అని ఉంటే అది హెక్టారుకు క్వింటాళ్లా, మడికి కిలోలా అన్నది పదేళ్ల తరువాత ఎవరూ చెప్పలేరు. విడుదలకు ముందు ఒక సంఖ్యతో పిలిచిన రకానికి తరువాత వేరే పేరు వస్తుంది. గ్రామాలు, మండలాల పేర్లదీ అదే పరిస్థితి. రంగారెడ్డి జిల్లా 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. 1985లో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అవతరించినప్పుడు రంగారెడ్డి జిల్లా నుంచి తాండూరు, మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కొడంగల్ అందులో చేరాయి. కాబట్టి ‘రంగారెడ్డి జిల్లా సగటు’ అన్న అంకె ఏ సంవత్సరానిదో తెలియకపోతే అది ఏ ప్రాంతాన్ని సూచిస్తుందో కూడా తెలియదు.

ప్రతి కార్ట్రిడ్జ్ మొదటి ఫైలుగా సాదా పాఠ్యంలో ఒక వివరణ పత్రం ఉండాలి. ప్రయోగాల జాబితా, కొలమానాలు, సంకేతాల అర్థాలు, పొలం నక్షా, అక్షాంశ రేఖాంశాలు, నేల స్వభావం, నమోదు చేసినవారి హోదా అందులో చేరాలి. తాండూరు నల్లరేగడిలో వచ్చిన ఫలితాన్ని వికారాబాద్ ఎర్ర నేలల ఫలితంతో పొరపాటున కలిపే అవకాశం దీనివల్ల తొలగుతుంది. ఈ పత్రం ముద్రిత ప్రతిని కార్ట్రిడ్జ్ పెట్టెలో కూడా ఉంచాలి.

కుదింపు, గుప్తీకరణ, రాత రక్షణ

ఎల్‌టీఓ డ్రైవ్‌లు రాసేటప్పుడు దత్తాంశాన్ని స్వయంగా కుదిస్తాయి. ఈ పద్ధతి ప్రమాణంలో భాగమే కనుక అదే తరం డ్రైవ్ ఏదైనా దానిని విప్పగలదు, ఇందులో ప్రమాదం లేదు. అయితే కార్ట్రిడ్జ్ పెట్టెపై పెద్ద అక్షరాలలో ముద్రించే సామర్థ్యం ఆరో తరం నుంచి 2.5 రెట్ల కుదింపును ఊహించి చెప్పినది. ఇదివరకే కుదించబడిన జేపెగ్ ఛాయాచిత్రాలు ఇంకా కుదించబడవు. కొనుగోలు లెక్కలకు పట్టికలోని అసలు సామర్థ్యాన్నే తీసుకోవాలి.

నాలుగో తరం నుంచి డ్రైవ్‌లలో ఏఈఎస్-256 గుప్తీకరణ సదుపాయం ఉంది. తాళపు సంకేతం పోతే దత్తాంశం శాశ్వతంగా పోయినట్లే. సాంకేతం ఒక్క అధికారి వద్దే ఉండి ఆయన బదిలీ అయితే జరిగేది ఊహించవచ్చు. దిగుబడి, వాతావరణం, తెగుళ్ల దత్తాంశాలకు గుప్తీకరణ అనవసరం. రైతుల ఆధార్, బ్యాంకు, పట్టాదారు పాస్‌బుక్ వివరాలు ఉన్న సర్వే ఫైళ్ల సంగతి వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం దృష్ట్యా వాటిని విడి కార్ట్రిడ్జ్‌లో గుప్తీకరించి, సంకేతాన్ని ముద్ర వేసిన కవరులో రెండు చోట్ల భద్రపరచాలి.

మూడో తరం నుంచి ఒకసారి మాత్రమే రాయగల వార్మ్ కార్ట్రిడ్జ్‌లు కూడా లభిస్తున్నాయి. వాటిపై ఎల్‌టీఎఫ్‌ఎస్ వాడదలిస్తే డ్రైవ్, సాఫ్ట్‌వేర్ అందుకు అనుమతిస్తాయో లేదో ముందే నిర్ధారించుకోవాలి. సాధారణ కార్ట్రిడ్జ్‌కు ఒక మూల ఉన్న రాత రక్షణ మీటను జరపడం కూడా పొరపాటున చెరిగిపోకుండా కాపాడుతుంది. సీజన్ నిల్వ పూర్తయిన వెంటనే ఈ మీటను జరపాలి.

వేగం, బ్లాకు పరిమాణం

ఎల్‌టీఓ-8 డ్రైవ్ సెకనుకు 360 మెగాబైట్ల వరకు రాయగలదు. ఆ వేగంతో 2.6 టెరాబైట్ల రిజిస్టర్లకు రెండు గంటలు, 12 టెరాబైట్ల పూర్తి కార్ట్రిడ్జ్‌కు తొమ్మిది గంటల పైన పడుతుంది. దత్తాంశం అంత వేగంగా అందకపోతే డ్రైవ్ తన వేగాన్ని కొంతవరకు తగ్గించుకుంటుంది. అప్పటికీ అందకపోతే టేపు ఆగి, వెనక్కు మళ్లి, తిరిగి ముందుకు కదులుతుంది. ఈ ఊగులాట వల్ల టేపు, డ్రైవ్ తల రెండూ అరుగుతాయి. ఆఫీసులలోని గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 125 మెగాబైట్లకు మించి ఇవ్వలేదు. అందువల్ల దత్తాంశాన్ని మొదట డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లోని వేగవంతమైన డిస్కుకు చేర్చి, అక్కడి నుంచి టేపుకు రాయాలి.

టార్‌ను నేరుగా టేపుపై రాసేవారు బ్లాకు పరిమాణాన్ని కార్ట్రిడ్జ్ చీటీపై నమోదు చేయాలి. టార్ సహజ పరిమాణం 10,240 బైట్లు. వేగం కోసం దానిని పెంచి రాసిన టేపును, ఆ సంగతి తెలియనివారు చదవబోతే యంత్రం దోషం చూపుతుంది. మంచి టేపును పాడైనదిగా భావించి పారవేసే అవకాశం అక్కడే ఏర్పడుతుంది. ఎల్‌టీఎఫ్‌ఎస్‌లో బ్లాకు పరిమాణం టేపు మీదే నమోదై ఉంటుంది కనుక ఈ చిక్కు రాదు.

స్థానిక పరిస్థితులు, నిల్వ

తాండూరు నాపరాళ్ల గనులకు, పాలిషింగ్ యూనిట్లకు, పరిసరాల సిమెంటు కర్మాగారాలకు పేరుపడిన పట్టణం. రాతి ధూళి టేపుకు, డ్రైవ్ తలకు హానికరం. ఎల్‌టీఓ-8 టేపు వెడల్పు అర అంగుళమే అయినా దానిపై 6,656 జాడలు ఉంటాయి. ఆ స్థాయిలో సన్నని రాతి రేణువు కూడా పెద్ద అడ్డంకే. కనుక డ్రైవ్‌ను ధూళి తక్కువగా ఉన్న చోట ఉంచి, కార్ట్రిడ్జ్‌లను వాటి ప్లాస్టిక్ పెట్టెలలో నిలువుగా నిల్వ చేయాలి. ఉష్ణోగ్రత 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండడం దీర్ఘకాలిక నిల్వకు శ్రేయస్కరం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, వర్షాకాలపు తేమ రెండూ ఈ హద్దులను మీరుతాయి. ఒక చోటి నుంచి మరో చోటికి తెచ్చిన కార్ట్రిడ్జ్‌ను 24 గంటలు కొత్త గది వాతావరణానికి అలవాటు పడనిచ్చిన తరువాతే డ్రైవ్‌లో పెట్టాలి.

నకళ్లు మూడు ఉండాలి. ఒకటి కేంద్రంలోని డిస్కుపై, రెండోది టేపుపై, మూడోది వేరే ఊరిలో మరో టేపుపై. తాండూరు, వికారాబాద్‌ల మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. కాగ్నా నది వరద, పిడుగుపాటు, అగ్నిప్రమాదం వంటివి రెండు చోట్లనూ ఒకేసారి దెబ్బతీసే అవకాశం తక్కువ. రాజేంద్రనగర్‌లో డ్రైవ్ ఉన్నప్పుడు ఒక టేపు అక్కడ, మరొకటి వికారాబాద్‌లోని పొడి గదిలో ఉంచవచ్చు.

పరీక్షా పఠనం, తరం మార్పిడి

రాసిన టేపును తిరిగి చదివి చూడనంతవరకు అది నిల్వగా లెక్కకు రాదు. ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూపు సంఖ్యను రాతకు ముందే లెక్కించి, ఆ జాబితాను టేపుపైనా కాగితంపైనా ఉంచాలి. ఏడాదికి ఒకసారి, రాసిన డ్రైవ్ కాకుండా వేరొక డ్రైవ్‌లో, రాసిన వ్యక్తి కాకుండా వేరొకరు కొన్ని ఫైళ్లను తెరిచి, ఆ సంఖ్యలు సరిపోలుతున్నాయో లేదో చూడాలి. వివరణ పత్రంలోని లోపాలు కూడా ఇటువంటి పరీక్షలోనే బయటపడతాయి.

టేపు ముప్పై ఏళ్లు మన్నినా దానిని చదివే డ్రైవ్ అంతకాలం దొరకదు. షాద్‌నగర్ కేంద్రంలో 1979 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలు, 1988 నుంచి ఐఆర్ఎస్-1ఎ చిత్రాలు స్వీకరించబడ్డాయి. నాటి టేపు యంత్రాలు కాలగర్భంలో కలిసినా పాత ఉపగ్రహ చిత్రాలు నేటి పరిశోధకులకు అందుతున్నాయంటే అందుకు కారణం వాటిని ఎప్పటికప్పుడు కొత్త మాధ్యమాలకు మార్చుతూ రావడమే. పరిశోధనా స్థానాలు కూడా ఏడెనిమిది సంవత్సరాలకు ఒకసారి తరం మార్పిడికి బడ్జెట్ కేటాయించుకోవాలి. పాత డ్రైవ్ పని చేస్తుండగానే ఈ మార్పిడి జరగాలి. విత్తన నిల్వలో మొలక శాతం తగ్గకముందే తిరిగి పండించుకోవడం పంట శాస్త్రవేత్తలకు తెలిసిన నియమమే, టేపుకూ అదే వర్తిస్తుంది.

సిఫార్సులు

1. దీర్ఘకాలిక నిల్వకు ప్రస్తుతం ఎల్‌టీఓ-8 కార్ట్రిడ్జ్ అనువైనది. ఎం8 పద్ధతిని వాడరాదు.
2. తార్కిక ఫార్మాట్‌గా ఎల్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోవాలి. చిన్న ఫైళ్లను పాక్స్ రూపపు టార్ కట్టలుగా, జిజిప్ కుదింపు లేకుండా చేర్చాలి.
3. వాణిజ్య సాఫ్ట్‌వేర్ల సొంత ఫార్మాట్‌ను రోజువారీ బ్యాకప్‌కే పరిమితం చేయాలి.
4. పట్టికలకు సీఎస్‌వీ, పత్రాలకు యూనికోడ్ పాఠం, పీడీఎఫ్/ఏ ప్రతులు జతచేయాలి.
5. రైతుల వ్యక్తిగత వివరాలను మాత్రమే విడి టేపుపై గుప్తీకరించాలి.
6. వివరణ పత్రం, సరిచూపు సంఖ్యల జాబితా టేపుపైనా కాగితంపైనా ఉండాలి.
7. రెండు టేపులను రెండు ఊళ్లలో ఉంచి, ఏటా చదివి చూడాలి. ఏడెనిమిదేళ్లకు ఒకసారి కొత్త తరానికి మార్చాలి.

ముగింపు

టేపు ఫార్మాట్ ఎంపిక కంప్యూటర్ విభాగానికి వదిలివేయదగిన కొనుగోలు వ్యవహారంగా కనిపించినా, పరిశోధన ఫలితాలు తరువాతి తరానికి అందుతాయా లేదా అన్నది దానిపైనే ఆధారపడి ఉంది. సామర్థ్యం, వేగం, ధర చూడవలసినవే. వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ టేపును రాసినవారెవరూ అందుబాటులో లేనప్పుడు, ఇరవై ఏళ్ల తరువాత తాండూరు కేంద్రంలో కొత్తగా చేరిన శాస్త్రవేత్త ఎవరి సహాయమూ లేకుండా ఇందులోని కంది దిగుబడి పట్టికను తెరిచి అర్థం చేసుకోగలరా? బహిరంగ ప్రమాణాన్ని అనుసరించి, సూచికను, వివరణను తనతోనే ఉంచుకునే ఫార్మాట్‌ను ఎంచుకున్న కేంద్రాలు ఈ ప్రశ్నకు అవునని చెప్పగలుగుతాయి.